దక్షిణ పినాకిని నీళ్లలో మన మల్బరీకి వాటా ఎక్కడుంది?



ఈసారి రోగాల గురించి, గూళ్ల ధర గురించి కాకుండా నీళ్ల గురించి రాస్తున్నాం. కొంచెం పొడుగైంది, తీరిగ్గా చదవండి.

పట్టుపురుగు నీళ్లు తాగదు. దానికి కావాల్సిన తడి అంతా ఆకులోంచే రావాల. చాకీ పురుగుకు వేసే లేత ఆకులో నూటికి 80 పాళ్లు దాకా నీళ్లే. నాలుగో జ్వరం లేచిన పురుగు ఆ చివరి వారంలోనే మొత్తం మేతలో 80 శాతం పైగా తినేస్తుంది. సరిగ్గా ఆ వారంలో బోరు గాలి పట్టిందనుకోండి, మొలకకు, చాకీకి, కూలికి పెట్టిందంతా చంద్రిక ఎక్కకముందే పోతుంది. వరికి వారం ఆలస్యంగా నీళ్లు వస్తే పైరు కొంత తట్టుకుంటుంది. పురుగు తట్టుకోదు.

ఇంతవరకు మనందరికీ తెలిసిందే. తెలుసుకోవాల్సింది దీని తర్వాత సంగతి. మన బోరులోకి నీళ్లు ఎవరి తీర్మానం వల్ల వస్తున్నాయి? ఎవరి తీర్మానం వల్ల ఆగుతున్నాయి? దీనికి ఉదాహరణగా దక్షిణ పినాకినిని తీసుకున్నాం. పైన చిక్కబళ్ళాపురం, హొసకోటె, మాలూరు, కింద బాగలూరు, బేరిక, శూలగిరి, కృష్ణగిరి. రెండు రాష్ట్రాలు, రెండు ప్రభుత్వ భాషలు. అయినా రెండువైపులా తెలుగు మాట్లాడేవాళ్లం ఉన్నాం, రెండువైపులా మల్బరీ ఉంది.

*నది దారి*

నంది కొండల చుట్టుపక్కల పుట్టిన నదులు నాలుగు దిక్కులా పోతాయి. ఉత్తర పినాకిని, అంటే ఆంధ్రవాళ్ల పెన్న, ఒకవైపు. పాలారు, చిత్రావతి, అర్కావతి తలా ఒకవైపు. దక్షిణ పినాకిని హొసకోటె మీదుగా దిగి హోసూరు దగ్గర తమిళనాడులోకి పోతుంది. అక్కడ దాన్ని తెన్‌పెణ్ణై అంటారు. హోసూరు పక్కన కెలవరపల్లి డ్యాము, దాని కింద కృష్ణగిరి డ్యాము, ఇంకా కింద తిరువణ్ణామలై జిల్లాలో సాత్తనూరు డ్యాము. చివరికి కడలూరు దగ్గర సముద్రం.

ఇది మంచు కరిగి పారే నది కాదు. వానొస్తే నది, లేకపోతే ఇసుక. అందుకే మన పెద్దలు నదిని నమ్ముకోలేదు, చెరువులను నమ్ముకున్నారు. ఒక చెరువు అలుగు పారితే ఆ నీళ్లు కింది చెరువుకు, అది కోడి పోతే దాని కింది చెరువుకు. తూము ఎప్పుడు ఎత్తాలో, ఎవరి మడికి ముందు పారాలో నీరుగంటి చూసుకునేవాడు. ఆ పద్ధతిలో పేదవాళ్లకు అన్యాయాలు లేకపోలేదు. కానీ ఒక మంచి ఉండేది. నీళ్లు ఎంత ఉన్నాయో, ఎవరికి ఎంత పోతున్నాయో ఊరందరికీ కంటికి కనిపించేది.

*120 రోజుల కాలువ, 350 రోజుల తోట*

కృష్ణగిరి డ్యాము 1950లలో కట్టింది. ఎత్తు లెక్కలో 52 అడుగులు, కట్టినప్పటి నిల్వ సుమారు 1.66 టీఎంసీ, ఆయకట్టు 9,012 ఎకరాలు. కుడి ఎడమ కాలువలకు సాధారణంగా జూలై ప్రాంతంలో ప్రభుత్వ ఉత్తర్వు మీద నీళ్లు వదులుతారు. ఒకటో పంటకు 120 రోజులు అని లెక్క. అది వరి లెక్క.

మన లెక్క చూడండి. ఏడాదికి ఐదు ఆకు పంటలు, ఒక్కోటి 65–70 రోజులు. అంటే తోట దాదాపు ఏడాది పొడుగునా నీళ్లు అడుగుతుంది. నేలను బట్టి పది రోజులకోసారి, ఒక్కో తడికి ఎకరాకు ఒకటిన్నర రెండు అంగుళాల నీళ్లు. లీటర్లలో చెప్పాలంటే సుమారు లక్షన్నర నుంచి రెండు లక్షలు. కాలువ నీళ్లు 120 రోజులే అయితే రెండు ఆకు పంటలు కూడా నిండుగా గట్టెక్కవు. మిగతా మూడు పంటలూ బోరు మీదే.

అంటే కాలువ పక్కన ఉన్న మల్బరీ రైతు కూడా పేరుకే ఆయకట్టుదారు. నిజానికి భూగర్భ జలం మీదే బతుకుతున్నాడు. ఆ భూగర్భ జలం ఎక్కడిది? చెరువు అడుగు నుంచి, కాలువ గట్ల నుంచి, తడిసిన వరి మళ్ల నుంచి దిగిన ఊటే గదా. డ్యాము పుస్తకాల్లో ఈ ఊటకు పేరు నష్టం. కాలువకు సిమెంటు వేసి ఆ నష్టాన్ని ఆపితే చివరి మడికి నీళ్లు అందుతాయి, అది న్యాయమే. కానీ కాలువ పక్క బోర్లకు ఊట తగ్గుతుంది. ఒకరి పుస్తకంలో నష్టం అని రాసింది ఇంకొకరి తోటకు ప్రాణం. కాలువ పనుల గురించి సభ పెట్టినప్పుడు ఈ మాట చెప్పేవాళ్లు ఉండాల. సిమెంటు వద్దని కాదు. సిమెంటు వేసేచోట ఊట కోసం ఒక కుంటనో, చెక్‌డ్యామునో కూడా అదే ఖర్చులో చేర్చమని అడగడానికి.

*యరగోళ్: ఎవరు ముందు?*

కోలారు జిల్లాలో యరగోళ్ దగ్గర మార్కండేయ నదికి అడ్డంగా కర్ణాటక ఒక డ్యాము కట్టింది. నిల్వ 0.5 టీఎంసీ. కోలారు, బంగారపేట, మాలూరు ఊళ్లకు తాగునీళ్ల కోసం. ఈ మార్కండేయ కృష్ణగిరి జిల్లాలోకి దిగి దక్షిణ పినాకినిలో కలుస్తుంది. పైన కట్టేస్తే మా ఆయకట్టు ఏం కావాలని తమిళనాడు 2018లో సుప్రీంకోర్టుకు పోయింది.

ఈ తగాదాకు వేరు చాలా లోతుగా ఉంది. 1892లో మైసూరు సంస్థానానికి, మద్రాసు ప్రభుత్వానికి ఒక ఒప్పందం జరిగింది. కొన్ని నదుల మీద మైసూరు కొత్త నీటిపారుదల పనులు చేయాలంటే ముందుగా మద్రాసు ఒప్పుకోలు తీసుకోవాలన్నది అందులో మాట. ఆ పట్టికలో 15 ముఖ్య నదులు ఉన్నాయి. కావేరి, తుంగభద్రతో పాటు మన ఉత్తర, దక్షిణ పినాకినులు, పాలారు, చిత్రావతి, పాపాఘ్ని కూడా ఉన్నాయి. కింద ముందునుంచి సాగు చేసుకుంటున్నవాళ్ల హక్కు పోకూడదన్నది దాని ఆలోచన. పైనవాళ్ల బాధ వేరే. నీళ్లు మా నేల మీద పడుతున్నాయి, మాకు తాగడానికి కూడా లేకుండా ఎన్నాళ్లు కిందికి వదలాలని వాళ్లు అడుగుతారు.

2019 నవంబరు 14న సుప్రీంకోర్టు డ్యాము పని ఆపాలన్న తమిళనాడు విన్నపాన్ని ఒప్పుకోలేదు. తగాదా తేల్చుకోవాలంటే 1956 నాటి అంతర్రాష్ట్ర నదీజలాల వివాద చట్టం కింద ట్రిబ్యునల్ వేయమని కేంద్రాన్ని అడగొచ్చని చెప్పింది. తర్వాత కేంద్రం రాజీ మాటల కోసం కమిటీ వేసింది.

ఇందులో మనం గమనించాల్సింది ఒకటుంది. కోర్టులో ఒకవైపు తాగునీళ్లు, ఇంకొకవైపు పాత ఆయకట్టు. తాగునీళ్లు ముందు అన్నదాన్ని ఎవరూ కాదనరు, మనమూ కాదనం. కానీ ఆ రెండు వరసల్లోనూ మల్బరీ బోరు లేదు. మాలూరు మల్బరీ రైతు పేరు కర్ణాటక వాదనలో లేదు. శూలగిరి మల్బరీ రైతు పేరు తమిళనాడు వాదనలో ప్రత్యేకంగా లేదు. రెండు రాష్ట్రాలు కొట్లాడుకుంటున్నప్పుడు రెండువైపులా లెక్కలోకి రానివాళ్లు ఒకే పని చేసుకునేవాళ్లు.

*బెంగళూరు వాడిన నీళ్లు*

ఈ నదిలో ఇంకో పెద్ద లెక్క ఉంది. యరగోళ్ మీద జరిగినంత గొడవ దీని మీద జరగలేదు గానీ, నీళ్ల కొలతలో ఇది చాలా పెద్దది.

బెంగళూరుకు కావేరి నీళ్లు ఎత్తిపోసి తెస్తారు. నగరం వాడేసిన నీళ్లలో ఒక పెద్ద భాగం బెళ్లందూరు, వర్తూరు చెరువుల మీదుగా దక్షిణ పినాకినిలోకి, అక్కణ్ణుంచి కెలవరపల్లి డ్యాములోకి పోతుంది. అంటే కావేరి నీళ్లు మురుగు రూపంలో పినాకినికి వచ్చి చేరుతున్నాయి. వాన లేని నెలల్లో కూడా కెలవరపల్లికి నీళ్లు రావడానికి ఇదొక కారణం. కెలవరపల్లి గేట్లు ఎత్తినప్పుడు కొండలాగా తెల్ల నురుగు లేచి రోడ్ల మీదికి రావడానికీ ఇదే కారణం.

2018లో కర్ణాటక కోరమంగల–చల్లఘట్ట లోయ పథకం మొదలుపెట్టింది. మనవైపు అందరూ కేసీ వ్యాలీ అంటారు. బెంగళూరు మురుగును రెండో దశ దాకా శుద్ధి చేసి, రోజుకు 440 మిలియన్ లీటర్లు కోలారు జిల్లా చెరువులకు ఎత్తిపోయాలన్నది పథకం. మొదటి లెక్కలో 126 చెరువులు. చిక్కబళ్ళాపురం వైపు చెరువులకు హెబ్బాళ–నాగవార లోయ నుంచి రోజుకు 210 మిలియన్ లీటర్లు అని ఇంకో పథకం.

440 మిలియన్ లీటర్లు అంటే 44 కోట్ల లీటర్లు. పథకం పూర్తి శక్తితో నడిస్తే ఏడాదికి సుమారు 5.6 టీఎంసీ. కోర్టుకు పోయిన యరగోళ్ డ్యాము నిల్వ 0.5 టీఎంసీ. నిండు కృష్ణగిరి డ్యాముకు సరిపడే నీళ్లు ఈ పైపులో 107 రోజుల్లో పోతాయి. డ్యాము కడితే అందరికీ కనిపిస్తుంది. పైపు భూమిలో ఉంటుంది, కనిపించదు. నది నీళ్లు ఎవరికి ఎంత అన్న మాట వచ్చినప్పుడు రెండూ లెక్కలోకి రావాల.

కోలారువైపు దీనివల్ల మేలు జరగలేదని చెప్పలేం. ఏళ్ల తరబడి ఎండిన చెరువుల్లో నీళ్లు చూశారు. పూడిపోయిన బోర్లలో మళ్లీ ఊట కనిపించిన ఊళ్లున్నాయి. అదే సమయంలో 2018 జూలైలో లక్ష్మీసాగర చెరువులో నురుగు కనిపించింది, విషయం కోర్టుకు పోయింది, నీళ్లు ఆగాయి, మళ్లీ వదిలారు. మూడో దశ శుద్ధి కూడా చేయాలని రైతు సంఘాలు ఇప్పటికీ అడుగుతున్నాయి. ఈ అడగడం న్యాయమైనదే. భూమిలోకి ఒకసారి దిగిన ఉప్పును, రసాయనాన్ని వెనక్కి తీయలేం.

ఇంకో షరతు చాలామందికి తెలియదు. ఈ నీళ్లు చెరువులో నిలబెట్టి భూమిలోకి ఇంకించడానికే. చెరువులో మోటారు పెట్టి తోడడం, తూము ఎత్తి పారించుకోవడం నిషేధం. ఒకసారి ఆలోచించండి. చెరువు ఆయకట్టు రైతుకు తూము మీద ఉన్న పాత హక్కు పక్కకు పోయింది. దాని బదులు చుట్టుపక్కల బోర్లన్నిటికీ ఊట వచ్చింది. బోరు ఉన్నవాడికి లాభం, బోరు వేయలేని చిన్న ఆయకట్టుదారుకు నష్టం. మల్బరీ పెట్టినవాళ్లలో చాలామందికి బోరు ఉంటుంది కాబట్టి మనం లాభపడే వైపు ఉన్నాం. ఆ మాట మనం ఒప్పుకోవాల. ఒప్పుకుంటేనే రేపు మన హక్కు అడిగినప్పుడు ఊళ్లో నలుగురు వెంట వస్తారు.

*డ్యాము నిండుగా ఉండాలా, ఖాళీగా ఉండాలా?*

నీళ్లు లేకపోవడం ఒక కష్టం, ఒకేసారి రావడం ఇంకో కష్టం. 2024 డిసెంబరు మొదట్లో ఫెంగల్ తుఫాను వచ్చినప్పుడు కృష్ణగిరి జిల్లా ఊత్తంగరైలో ఒక్కరోజులో 50 సెంటీమీటర్ల వాన పడింది. అప్పటికే నిండుకు దగ్గరగా ఉన్న సాత్తనూరు డ్యాము నుంచి డిసెంబరు 2 తెల్లవారుజామున 1.68 లక్షల క్యూసెక్కుల దాకా వదలాల్సి వచ్చింది. తిరువణ్ణామలై, విళుప్పురం, కడలూరు జిల్లాల్లో ఊళ్లు మునిగాయి. ముందే కొంచెం కొంచెంగా ఎందుకు వదల్లేదని గట్టి విమర్శ వచ్చింది.

డ్యాము నడిపేవాళ్ల ఇరకాటం ఇక్కడే. నవంబరు, డిసెంబరుల్లో డ్యామును నింపుకోకపోతే వేసవికి నీళ్లుండవు, రైతులు తిడతారు. నింపుకుంటే తుఫానుకు చోటుండదు, మునిగినవాళ్లు తిడతారు. దీనికి మందు ఒక్కటే. ఏ నెలలో ఎంత ఎత్తుదాకా నింపాలో ముందే రాసి పెట్టుకున్న లెక్క ఉండాల, పైన వాన ఎంత పడిందో గంటగంటకూ కిందికి తెలియాల. పైన కర్ణాటకలో పడిన వాన సంగతి కింద తమిళనాడు డ్యాముకు ఆలస్యం లేకుండా చేరాల. రెండు రాష్ట్రాలకు హక్కుల మీద తగాదా ఉన్నా సమాచారం మీద తగాదా ఉండకూడదు.

2017 నవంబరు చివర కృష్ణగిరి డ్యాముకు ఒక గేటు విరిగి నిల్వ నీళ్లు కిందికి పోయిన సంగతి చాలామందికి గుర్తుంటుంది. పెద్ద ఒప్పందాలు ఎన్ని ఉన్నా ఒక ఇనుప తలుపుకు రంగు వేయకపోతే, గ్రీజు పెట్టకపోతే హక్కు అంతా ఒక రాత్రిలో పోతుంది.

*చట్టంలో మన బోరు*

మన దేశంలో భూగర్భ జలం మీద హక్కుకు మూలం 1882 నాటి ఈజ్‌మెంట్ చట్టం. ఎవరి నేల కింద నీళ్లు వాళ్లు తోడుకోవచ్చు అన్నది అందులో సారం. వినడానికి ఇది మనకు బలం అనిపిస్తుంది. కానీ పక్కవాడికీ అదే హక్కు ఉంది. వాడు 1,200 అడుగులు దింపితే మన 800 అడుగుల బోరు ఎండుతుంది, కేసు వేసినా నిలబడదు. అంటే అది తోడుకునే హక్కే గానీ, నీళ్లు ఉండే హక్కు కాదు.

కోలారు, చిక్కబళ్ళాపురం జిల్లాలు ఏళ్లుగా భూగర్భ జలం మితిమీరి తోడిన ప్రాంతాల పట్టికలో ఉన్నాయి. కర్ణాటక 2011 భూగర్భ జల చట్టం ప్రకారం ఇట్లా ప్రకటించిన తాలూకాల్లో కొత్త బోరుకు అనుమతి కావాల. దాని అర్థం ఏమంటే, ఇక మీదట మన తోట కొత్త బోరు మీద కాదు, పాత బోరులోకి ఎంత ఊట దిగుతుందో దాని మీద బతకాల. ఊట చెరువు మీద ఆధారం, చెరువు పైనుంచి వదిలే నీళ్ల మీద ఆధారం. అందుకే డ్యాము గేటు సంగతి మనకెందుకు అనుకోవడానికి లేదు.

*మనం చేయగలిగింది*

ఇవన్నీ రేపే తేలేవి కావు. అయినా చేతిలో ఉన్న పనులు కొన్ని ఉన్నాయి.

ఒకటి. మీ సర్వే నంబరు ఏ చెరువు, ఏ కాలువ ఆయకట్టులో ఉందో రాబట్టుకోండి. ఉంటే నీటి వినియోగదారుల సంఘంలో మీ పేరు ఉందా చూడండి. తమిళనాడులో 2000 నాటి చట్టం కింద, కర్ణాటకలో నీటిపారుదల చట్టం కింద ఈ సంఘాలున్నాయి. వాటిలో ఎక్కువగా వరి రైతులే మాట్లాడతారు. మల్బరీవాళ్లు ఇద్దరు కూర్చున్నా మాట మారుతుంది.

రెండు. సంఘంలో అడగాల్సింది ఎక్కువ నీళ్లు కాదు, ముందుగా తేదీలు. కాలువ ఎప్పుడు తెరుస్తారు, వంతు ఎన్ని రోజులు, ఎప్పుడు మూస్తారు. తేదీలు ముందే తెలిస్తే కొమ్మ కత్తిరింపు, చాకీ తెచ్చుకోవడం దానికి తగ్గట్టు సర్దుకోవచ్చు. ఐదో దశ పురుగు కాలువ మూసిన వారంలో పడకుండా చూసుకోవచ్చు.

మూడు. వంతు వచ్చినప్పుడు నిల్వ చేసుకోవడానికి పొలంలో కృషి హొండ ఉంటే వారం పది రోజులు గడుస్తాయి. డ్రిప్పు ఉంటే అవే నీళ్లు ఇంకా ఎక్కువ రోజులు వస్తాయి.

నాలుగు. శుద్ధి చేసిన మురుగు చేరే చెరువు చుట్టూ బోరున్నవాళ్లు ఏడాదికి రెండుసార్లు, వేసవిలో ఒకసారి, వానల తర్వాత ఒకసారి నీళ్లు పరీక్ష చేయించుకోండి. దగ్గరి కృషి విజ్ఞాన కేంద్రంలో అడిగితే దారి చెప్తారు. ఆ కాగితాలు పారేయొద్దు. నాలుగేళ్ల కాగితాలు పక్కపక్కన పెడితే అదే రేపు మన సాక్ష్యం. నురుగు నీళ్లు ఆకు మీద పడకుండా మొదలుకు మాత్రమే పారించండి.

ఐదు. బోరు నీటిమట్టం నెలకోసారి తాడు వేసి కొలిచి ఒక పుస్తకంలో రాసుకోండి. ఊళ్లో పది మంది రాస్తే చాలు. ఏ ట్రిబ్యునల్ ముందైనా అంకెలున్నవాళ్ల మాటే నిలుస్తుంది. మన దగ్గర ఇంతవరకు అంకెలు లేవు, బాధ మాత్రమే ఉంది.

సోలాపూరు వైపు ఉజ్జని కాలువ మీద ఉన్నవాళ్లకు, ధవళేశ్వరం నుంచి వచ్చే గోదావరి నీళ్ల మీద ఉన్న యానాంవాళ్లకు, ఒడిశాలో ఉన్నవాళ్లకు నది పేర్లు వేరు, ఆఫీసులు వేరు. ప్రశ్న మాత్రం ఇదే. నీళ్లు పంచే పుస్తకంలో మన పంట పేరు ఉందా, లేదా?

పైన మాలూరులో ఉన్నవాళ్లకు, కింద శూలగిరిలో ఉన్నవాళ్లకు మా మాట ఒకటే. రామనగర మార్కెట్లో మన గూళ్లు పక్కపక్కనే వేలానికి పెడతారు. అక్కడ రాష్ట్రం చూసి ధర కట్టరు, గూడు చూసి కడతారు. నీళ్ల దగ్గర కూడా పైవాళ్లు, కిందివాళ్లు అని విడిపోయి మాట్లాడితే మన ఇద్దరి పేర్లూ పుస్తకంలోకి ఎక్కవు. రెండువైపులా బోరు పుస్తకాలు రాసి, నీటి పరీక్ష కాగితాలు పోగుచేసి, ఒకే లెక్క ముందు పెడితే కాదనడం ఎవరికైనా కష్టం.

మీ ఊళ్లో నీటిమట్టం రాసే పుస్తకం ఇప్పటికే ఉంటే ఒక పేజీ ఫొటో తీసి ఈ గుంపులో పెట్టండి. లేకపోతే ఈ నెల నుంచే మొదలుపెట్టండి.